పులిమేక రాయి

ఆ రోజు పొద్దున ఏడుంబావుకు మా పెద్దనాయన ఎప్పటిలాగే గుడి మండపంలో పులిమేక ఆట గీతలున్న రాతిని తడి తుండుతో తుడిచాడు. మార్కాపురంలో పలకలు చెక్కిన చేయి ఆయనది. మండపమంతా గ్రానైట్ పరుస్తున్నారు. గీతలు పాతకాలంవని తేలితేనే ఆ రాయిని వదిలేస్తారు. అది తేల్చే ఆఫీసరు పదింటికి వస్తాడు.

"బాగా అరిగిపోయినాయిరా. ఆయనకు కానరాకపోతే ఎట్ల?" అని పెద్దనాయన మూడోసారి అడిగాడు.

"ఆయనకు అద్దాలుంటాయిలే పెద్దనాయనా" అని నేను టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆయన ఉలితో ప్రతి గీతనూ లోతు చేసేశాడు.

ఆఫీసరు వంగి చూసి, "ఇవి నిన్నా మొన్నా చెక్కినవి" అన్నాడు.

"కాదు సారూ, మా తాత ఆడినాడు దీనిమీద" అంటూ పెద్దనాయన ఉలిని తుండులో దాచుకున్నాడు.

రాయి గ్రానైట్ కిందికి పోయింది. పెద్దనాయన పోయి ఏడాదైంది. ఆ మండపంలో ఇప్పుడు పులిమేక ఆడరు.