చిన్నరాయప్ప పెనుకేక

మా నూజివీడులో హడలిపోవడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు చిన్నరాయప్ప. వృత్తి అన్నానని జీతం వస్తుందనుకోకండి. తోటల్లో మామిడికాయలు కోయించే మేస్త్రీ పని ఆయనకు తిండి పెడుతుంది. హడలు మాత్రం పూర్తిగా ఉచితం.

తలుపు చాటునుంచి పిల్లలెవరైనా "భౌ" అంటే చాలు, ఆరడుగుల మనిషి "యేసయ్యో!" అని మూడిళ్ళ అవతలికి వినిపించేలా అరిచి గోడకు అతుక్కుపోతాడు. రబ్బరు బల్లికి హడలు, ప్లాస్టిక్ తేలుకు హడలు. ఒక క్రిస్మస్‌నాడు మా వీధి రిబ్కమ్మగారి మనవరాలు దుప్పటి కప్పుకొని, మొహం మాత్రం బయటపెట్టి, "నేను పులిని" అని ముందుగానే పరిచయం చేసుకొని మరీ వచ్చింది. దానికీ ఆయన కుర్చీ ఎక్కాడు.

"ఏమయ్యా, సిగ్గులేదూ?" అన్నాను.

"పులండీ మాస్టారూ!" అన్నాడు, ఒక చేత్తో గుండె పట్టుకొని.

రెండో చేతిలో టీ గ్లాసు ఉంది. అందులోంచి ఒక్క బొట్టు ఒలకలేదు.

ఇటువంటి మనిషిని దయ్యం సినిమాకు నేను తీసుకువెళ్ళలేదు. ఆయనే నన్ను లాక్కుపోయాడు. ఆ సినిమాను ముసునూరు తోటల్లో తీశారు. దయ్యం వేషం వేసింది ఆయన పక్కింటి జోజమ్మ కూతురు షాలోమి. మామిడికాయలు గ్రేడింగు చేసే షెడ్డులో ఆమెకు పని. విడుదలనాటి మ్యాట్నీకి ఆ షెడ్డు మొత్తం కదిలివచ్చింది.

హాలు గుమ్మంలో ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది.

"బాబాయ్, జనం భయపడతారంటావా? నవ్వారంటే రేపు షెడ్డుకి ఏ మొహం పెట్టుకెళ్ళను? ఇప్పటికే అందరూ 'దయ్యంగారూ' అంటున్నారు."

"నేనున్నానుగా" అన్నాడు చిన్నరాయప్ప.

"నువ్వు పిల్లిపిల్లకి కూడా భయపడతావ్. నీ లెక్క చెల్లదు పో!"

"గుండె జబ్బులున్నవారు రావద్దు" అని ఆ సినిమావారు పంచిన కరపత్రం నావద్ద భద్రంగా ఉంది, కోర్టుకైనా చూపగలను. న్యాయంగా చెప్పాలంటే మొదటి సగం వారి మాట నిలబెట్టింది. మామిడిపూత మీద పుష్యమాసపు మంచు, ఆకులనుంచి టపటపమని రాలే చుక్కలు, మనిషి లేకుండా ఊగే ఉయ్యాల. వీటి నడుమ మాటాపలుకూ లేకుండా నిలబడిన షాలోమి! నావంటివాడి వీపుకు సైతం చొక్కా అంటుకుపోయింది.

ఇంటర్వెల్ తరువాత దయ్యం నోరు విప్పింది. విప్పినది మళ్ళీ మూయలేదు! ఎక్కడ పుట్టిందీ, ఏం చదివిందీ, ఎవరిని ప్రేమించిందీ, ఎవరు విషం పెట్టిందీ, మధ్యలో ఒక పాటా! దయ్యం మౌనంగా ఉన్నంతసేపే దయ్యం. ఆత్మకథ మొదలుపెడితే సన్మానసభలో వక్త. పైగా ఆ గొంతు షాలోమిది కాదు, ఏ నగరంనుంచో అరువు తెచ్చినది.

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. షెడ్డు లారీ నడిపే సాంబయ్య లేచి నిలబడి, "దయ్యంగారూ, కాస్త తొందరగా కానివ్వండమ్మా, చాట్రాయి బస్సు పోద్ది!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. మా పక్కనున్న షాలోమి తల కుర్చీలోకి కుంగిపోయింది. అవతల కూర్చున్న జోజమ్మ, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు చిన్నరాయప్ప తన కళ్ళజోడు తీశాడు. మడిచాడు. నా చేతిలో పెట్టాడు.

"ఇది కాస్త పట్టుకోండి మాస్టారూ."

సమోసా పొట్లం కుర్చీ కిందికి తోశాడు. సోడా సీసా నా రెండో చేతికిచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏంటయ్యా ఇదంతా?"

"ఒక్క నిమిషమండీ."

లేచి కేకవేశాడు.

అటువంటి కేక నా జన్మలో వినలేదు. హాలు కప్పులోని పావురాలు లేచిపోయాయి. సోడా నా పంచె మీద ఒలికింది. "యేసయ్యో! నన్నే చూస్తందిరోయ్!" అంటూ ఆయన ముందు వరుసలోకి దొర్లి, సరిగ్గా సాంబయ్య మీద కూలబడ్డాడు. చీకట్లో మీద పడిందేమిటో తెలియక సాంబయ్య చావుకేక పెట్టాడు. ఆ కేకకు ఆడవాళ్ళు అరిచారు. వాళ్ళ అరుపులకు పిల్లలు అందుకున్నారు. అక్కడినుంచి తెరమీద షాలోమి కనిపించినప్పుడల్లా హాలు దద్దరిల్లింది. దయ్యం చెప్పే మాట ఒక్కటీ ఎవరికీ వినిపించలేదు. ఆ సినిమాకు అంతకు మించిన మేలు మరెవరూ చేయలేరు.

బయటికి వచ్చాక సాంబయ్య చెమట తుడుచుకుంటూ, "చంపేశావు కదే అమ్మాయ్! ఇంటికెళ్ళి దిష్టి తీయించుకోవాలి" అన్నాడు. షాలోమి మొహం చెట్టున మగ్గిన రసం మామిడిపండులా వెలిగింది.

బండ్ల స్టాండు దగ్గర నేను కళ్ళజోడు తిరిగిచ్చి నిలదీశాను.

"ఇది లేకుండా నీకు దయ్యం కనిపించిందా?"

"ఒట్టి తెల్లటి మసకండీ."

"మరి దేనికి భయపడ్డావయ్యా?"

ఆయన తీరిగ్గా సమోసా కొరికాడు. "భయపెట్టేవాళ్ళు పాపం ఎంతో ఆశగా వస్తారండీ. మనం 'ఆఁ, ఏంటి?' అన్నామనుకోండి, ఆ మొహం చూడలేమండీ."

ఒలకని టీ గ్లాసు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

అయినా సినిమా మోసం మోసమే. ఆ సంగతి చెప్పబోతూ కరపత్రం పైకి తీశానో లేదో, బండ్ల చాటునుంచి షాలోమి నా ఎదుటికి దూకి "భౌ!" అంది.

డెబ్బై దాటిన విశ్రాంత ఉపన్యాసకుణ్ణి. చుట్టూ జనం. చిన్నరాయప్ప నావైపే చూస్తున్నాడు.

కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రపరిచాను. నా కళ్ళజోడు తీసి చిన్నరాయప్ప చేతికిచ్చాను. ఆ తరువాత నా నోటికి కూడా అదే వచ్చింది.

"యేసయ్యో!"

షాలోమి పగలబడి నవ్వుతూ వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పర్లేదండీ మాస్టారూ" అన్నాడు చిన్నరాయప్ప, నా కళ్ళజోడు తుడిచి ఇస్తూ. "కానీ సామాను సర్దుకునేది వాళ్ళకి కనపడకూడదండీ."