కాలిపోని కాయిల్

పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేను తప్పింది ఒక్క సర్క్యూట్స్ పేపరే. ఇండక్టెన్స్ అంటే కరెంటులో మార్పును అడ్డుకునే గుణం అని బట్టీ పట్టాను. ఆ అడ్డుకోవడం ఎలా ఉంటుందో మాత్రం ఏనాడూ కళ్లతో చూడలేదు. సప్లిమెంటరీకి చదువుకుందామని కృష్ణపట్నం దగ్గర మా ఊరికి వచ్చాను.

అప్పటికి మా అన్న చేపల వేట మానేసి ఉప్పుకాలువ పక్కన రొయ్యల గుంట కౌలుకు తీసుకున్నాడు. నీటిని చిలికి గాలి పట్టించే ఏరేటర్లే ఆ గుంటకు ప్రాణం. అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఆ వేసవిలో మోటార్లు బాగానే ఉన్నా, వాటిని ఆన్ చేసే స్టార్టర్ పెట్టెలో కాయిల్, అంటే రాగి తీగ చుట్ట, మాటిమాటికీ కాలిపోయేది. అన్న మనుబోలు వెళ్లి కొత్తది తెచ్చి వేసేవాడు. కొన్నాళ్లకు దాన్నుంచీ మాడు వాసన వచ్చేది. ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు.

నేను ఇంట్లో నా పాఠంతో కుస్తీ పడుతున్నాను. ప్లాస్టిక్ పైపు ముక్క మీద రాగి తీగ వందల చుట్లు చుట్టి, దాని వెనకే బైకు ఇండికేటర్ బల్బు కలిపాను. పడవ బ్యాటరీకి తగిలిస్తే బల్బు బాగానే వెలిగింది. అంతే వోల్టేజీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు, అంటే ఏసీకి, మార్చేసరికి వెలుగు తగ్గింది. పైపులోకి ఇనపచువ్వల కట్ట దూర్చాను. బల్బు మరీ మసకబారింది. బయటికి లాగితే మళ్లీ పుంజుకుంది.

చేపలు కడుగుతున్న అమ్మ చెయ్యి ఆపి చూసింది. "ఇనుము పెడితే ఎందుకు తగ్గతాండాది?" అంది.

ఆమెకు చెబుతుంటే నాకే అర్థమవుతూ వచ్చింది. బ్యాటరీ కరెంటు ఒకే దిక్కున నిలకడగా పోతుంది కాబట్టి, అది కుదురుకున్నాక చుట్టకు అడ్డుకునే పని ఉండదు. ఏసీ క్షణక్షణం దిక్కు మారుతుంది, చుట్ట ప్రతి మార్పునూ ఎదిరిస్తుంది. ఆ ఎదిరింపే ఇండక్టివ్ రియాక్టెన్స్. కరెంటు ఎంత వేగంగా దిక్కు మారితే అంత ఎక్కువ. చుట్లు పెరిగినా, లోపల ఇనుమున్నా ఇండక్టెన్స్ పెరుగుతుంది, దానితోపాటు రియాక్టెన్సూ పెరుగుతుంది.

ఆ మాట అంటూనే ఆగిపోయాను. ఇనుము బయట ఉంటే కరెంటు ఎక్కువ పోతుంది. మరి స్టార్టర్‌లో కాయిల్ చేసే పని ఇనపముక్కను తనలోకి లాక్కుని మోటారుకు కరెంటు కలపడమే కదా. అది పూర్తిగా లోపలికి రాకపోతే?

చేతిలోని ఇనపచువ్వలు అక్కడే పడేసి గుంట దగ్గరికి పరుగెత్తాను. అన్నతో మెయిన్ ఆపించి పెట్టె విప్పాను. ఇనపముక్క జారే దారి నిండా ఉప్పుగాలికి పట్టిన తుప్పు. వేలితో నొక్కితే ముక్క కొసదాకా పోకుండానే ఇరుక్కుంది.

"అన్నా, కాయిల్ తప్పేం లేదు. ఇనుము పూర్తిగా లోపలికి పోవడం లేదు. అందుకే కరెంటు ఎక్కువ లాగి కాలిపోతాండాది."

అన్న నావైపు, పెట్టెవైపు చూశాడు. "కొట్లో కాయిల్ కంపెనీ మార్చమన్నారే గానీ ఈ మాట ఎవరూ చెప్పలేదు పాపా," అన్నాడు.

ఇద్దరం కూర్చుని గరుకు కాగితంతో తుప్పు రుద్దాం. ముక్క తడబడకుండా జారేదాకా రుద్దాం. కొత్త కాయిల్ బిగించి, ఉప్పుగాలి చొరబడకుండా పెట్టె మూతకు రబ్బరు పట్టీ అతికించాం. పచ్చబటన్ నన్నే నొక్కమన్నాడు అన్న. స్టార్టర్ టక్కుమని ఒక్క దెబ్బతో పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ వినిపించే జుమ్మనే రొద లేదు. ఏరేటర్ల చక్రాలు వరసగా తిరిగి గుంటంతా తెల్లగా నురగలెత్తింది. గట్టు మీద అన్న నన్ను భుజానికెత్తుకున్నంత పని చేశాడు.

రొయ్యలు పట్టేదాకా ఆ కాయిల్ మళ్లీ కాలలేదు. పంట నిలిచింది. సప్లిమెంటరీలో ఏసీ కాయిల్ నుంచి ఇనుము తీసేస్తే కరెంటు ఏమవుతుందని అడిగారు. పుస్తకంలో మాటలు వెతుక్కోకుండా, చూసింది చూసినట్టు రాశాను. పాసయ్యాను, అదీ మా తరగతిలో ఆ పేపరుకు అందరికంటే ఎక్కువ మార్కులతో.

ఫలితాలు వచ్చిన వారం పక్క గుంట రైతు బైకు మీద వచ్చి, తన పెట్టెలోనూ కాయిల్ నిలవడం లేదన్నాడు. అన్న లోపలికి చూసి, "మా చెల్లెలొచ్చి చూస్తాది, కూర్చోన్నా," అన్నాడు. నేను స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని బయటికొచ్చాను.