ఇసుకలో దేవుడి వాటా

స్వర్ణముఖి ఒడ్డున మా చిన్నాయనకు ఒక బావి ఉండేది. ఆ నీళ్లతో పెరిగిన చెరుకు నమిలి మా ఊరి ఎద్దులకు చక్కెర జబ్బు వచ్చిందని నేను తిరుపతి అంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆయన చెవిన పడితే, "ఇంకొంచిం పెంచి సెప్పరా, నీ సొమ్మేం పోతాది" అనేవాడు.

పట్నంలో మేడలు లేచేకొద్దీ మా ఏటికి ట్రాక్టర్లు వచ్చాయి. మొదటిరోజు ఊరంతా దోవకు అడ్డంగా పడుకుంది. మర్నాడు ఇసుక తోలించే పెద్దమనిషి రామాలయం అరుగు మీద కూర్చుని, "బండికింతని గుడికి ఇస్తానప్పా, గోపురం కట్టుకోండి" అన్నాడు. ఊరు లేచి బట్టలు దులుపుకుంది. దేవుడికి వాటా ఉన్నాక అది దొంగతనం ఎట్లా అవుతుంది? ట్రాక్టర్లకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయలు కొట్టారు. మొదటి టెంకాయ చిన్నాయనదే. గుడి ధర్మకర్త ఆయనే మరి.

గోపురం పెరిగింది. నా కొలతలో తిరుమల కొండ దాని నడుముకు కూడా రాదు. ఏరు మాత్రం కిందికి దిగింది. ఇంకో గంపెడు తవ్వితే పాతాళంలో వాళ్ల వంటిల్లు కనబడుతుందని నేనన్నాను. అందరూ నవ్వారు. ఇసుక పోయాక వాన నీళ్లు ఏట్లో నిలవలేదు. ఆ వేసవిలో చిన్నాయన బావి మోటారు నీళ్లకు బదులు గాలి పీల్చి గురకపెట్టింది. చెరుకు అప్పటికి మోకాలెత్తున ఉంది.

ఇసుక ఆపించమని అడగడానికి నేనూ చిన్నాయనా గనుల ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి మహా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు, తన ఫోన్లో ఒక ఫోటో చూపించాడు.

"ట్రాక్టరుకు టెంకాయ కొడతా ఉండేది మీరే గదా పెద్దాయనా?"

"దేవునికని కొట్టినా సార్."

"అయితే నీళ్లు కూడా ఆ దేవున్నే అడగండి. నేను కేసు రాస్తే మొదటి పేరు మీదే అవతాది."

బయటికొచ్చాక, "ఆయప్పకూ వాటా పోతా ఉంటాది చిన్నాయనా" అన్నాను కసిగా.

"పోనీరా. మనం తిన్న వాటా సంగతేంది?"

గోపురంలో ఆయన ఇంటికి ఒక ఇటుక కూడా రాలేదు.

వారం తిరక్కముందే ఎండుతున్న చెరుకును పశువుల మేతకని కోసేశాడు. మోపులు కట్టడానికి నేనూ పోయాను. ఆ పొద్దు నా నోట ఒక్క అబద్ధమూ ఊడిపడలేదు. గట్టు మీద ఇసుక ట్రాక్టరొకటి పోతూ నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, "ధర్మకర్తగారూ, దండాలు!" అని కేకేశాడు.

చిన్నాయన నడుం ఎత్తి, కొడవలి పట్టుకున్న చేత్తోనే తిరిగి దండం పెట్టాడు.