చేపల బజారు తీర్మానం

మా వార్డు మహిళలకు రిజర్వు అయిందని తెలిసిన సాయంత్రమే బజారు వీధి పెద్దలు మా ఇంటికి వచ్చారు. మాది బట్టల కొట్టు. మా ఆయన నెమ్మదస్తులు, నలుగురిలో నోరు విప్పరు. కొట్లో కూర్చుని చీరలు చూపించేది నేనే కాబట్టి వీధిలో అందరికీ నేను తెలుసు. "మీ కోడలిగారిని నిలబెట్టండమ్మా" అని వాళ్లు అడిగితే, మా అత్తగారు నా వంకైనా చూడకుండా, "నిలబెడదాం లెండి. బేరం తెగేదాకా వదలదు, అక్కడైనా అంతే" అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేదాన్నే.

వాళ్లు నా దగ్గర తీసుకున్న మాట ఒక్కటే. మా వీధి చివర, రేవుకు తిరిగే మలుపులో చేపల బజారు ఉంది. దాన్ని అక్కణ్ణుంచి తీయించాలి. మా వీధిలో చాలామందిమి చేప ముట్టని వ్యాపారస్తులం. గాలి ఇటు తిరిగిందంటే వాసన తిన్నగా కొట్లోకి వచ్చేది. పట్టుచీర చేతిలో ఉన్న పెళ్లివారు ముక్కుకు పమిట అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోవడం ఎన్నిసార్లు చూశానో. అందుకని ఆ మాట మొహమాటానికి ఇవ్వలేదు, మనస్ఫూర్తిగానే ఇచ్చాను. గెలిచాను.

మునిసిపల్ కౌన్సిల్ అంటే టీవీలో చూసే అసెంబ్లీలా ఉంటుందనుకున్నాను. మొదటి సమావేశంలో క్లర్కు ఒక్కో అంశం చదవడం, చైర్‌పర్సన్ గారు తలెత్తి చూడడం, ముందు వరసలోంచి ఎవరో "ఆమోదం" అనడం, అంతే. నేను అజెండా కాగితాలు తిరగేసేలోగా వీధి దీపాలు, మంచినీళ్ల పైపులు, కుక్కల బెడద అన్నీ అయిపోయాయి. నా పక్కన కూర్చున్న కౌన్సిలరు గారు, పక్క వార్డు నుంచి చాలాసార్లు గెలిచిన పెద్దాయన, నా కంగారు చూసి నవ్వారు. "ఇక్కడ వేసేది ముద్రేనమ్మా. అసలు పని పొద్దున్నే మన అరుగు మీద జరుగుతుంది" అన్నారు.

ఆ మాట నిజమని త్వరలోనే తెలిసింది. తెల్లారేసరికి ఎవరో ఒకరు మా అరుగు మీద ఉండేవారు. కుళాయిలో మట్టినీళ్లు, పింఛనులో తప్పు పడిన పేరు, పక్కింటివాళ్లు కాలువ మీద వేసిన పలక. నేను వార్డు సచివాలయానికి ఫోన్ చేయడం, వాళ్లు ఇంజినీరు గారిని అడగమనడం, ఆయన ఫోన్ ఎత్తకపోవడం, నేను కొట్టు వదిలి ఆఫీసుకు వెళ్లి ఆయన గది ముందు కూర్చోవడం. కూర్చుంటే పనులు అయ్యేవి. అందరివీ కాదు, కొన్ని అయ్యేవి.

చేపల బజారు సంగతి మాత్రం అజెండాలోకి ఎక్కడానికి ఏడాది పట్టింది. బైపాస్ పక్కన ఎప్పుడో కట్టి వదిలేసిన షెడ్లు ఉన్నాయి. బజారును అక్కడికి మార్చాలని నా పేరు మీద అంశం పెట్టారు. ఆ మాట బయటికి పొక్కిన మర్నాడు, చేపలమ్మే ఆడవాళ్లు మా గేటు ముందు నిలబడి ఉన్నారు. తట్టలు గోడ పక్కన దించుకున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. మా అత్తగారు కిటికీలోంచి చూసి తలుపు సగం మూశారు.

వాళ్లలో ఒక పెద్దావిడ ముందుకొచ్చింది.

"అమ్మగారూ, మమ్మల్ని బైపాసుకి తోలేత్తన్నారంటండీ?"

"తోలేయడం కాదమ్మా. అక్కడ షెడ్లున్నాయి, నీడ ఉంటుంది."

"ఆయ్, నీడుంటాదండి. కొనేవోళ్లు కూడా ఉండాలి కదండీ."

"మీరంతా ఏ వార్డు?"

"మాది ఈ ఊరు కాదండి. అవతలొడ్డు. పొద్దున్నే పంటెక్కి వత్తాం."

"మరి మీ సర్పంచి గారితో చెప్పించకపోయారా?"

"చెప్పామండి. ఇవతలొడ్డున నా మాటెవరింటారే అన్నారండి. మా ఓట్లేమో అక్కడున్నాయి, యాపారం ఇక్కడుంది. మరి మేం ఎవర్నడగాలో మీరే చెప్పండి."

"చూస్తానమ్మా" అన్నాను. కౌన్సిలర్లం అందరం అనే మాటే అది. ఆవిడకూ ఆ సంగతి తెలిసినట్టే ఉంది, ఖాళీ తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు, అవతలొడ్డు నుంచి జనాన్ని దాటించే పంటు వచ్చే వేళకు రేవు మలుపుకు వెళ్లాను. కోడలిగా ఆ వీధిలో అడుగుపెట్టిన ఇన్నేళ్లలో అక్కడ ఆగి నిలబడడం అదే మొదటిసారి. చేపల కంటే ముందు నా కళ్లు కొనేవాళ్ల మీద పడ్డాయి. మా కొట్లో మూటలు దించే అతను ఉన్నాడు. మా వీధి వెనక సందుల్లో లేసు అల్లే ఆడవాళ్లు ఉన్నారు. ఆటో స్టాండు వాళ్లున్నారు. వీళ్లెవరూ అవతలొడ్డు వాళ్లు కాదు. అందరూ నా వార్డే.

లేసు అల్లే ఒకావిడ నన్ను చూసి పలకరించింది. "నిజంగా తీసేత్తారాండీ? బైపాసు దాకా ఎల్లొత్తే ఆ పూట పని పోయినట్టేనండి."

"ఆ మాట నాతో ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"మీ అరుగు మీద ఎప్పుడూ షావుకార్లే ఉంటారు కదండీ. మేమెక్కడ కూచుంటామండి?" ఆవిడ నవ్వుతూనే అంది.

ఇంకొకటి కూడా చూశాను. చేపలు కడిగిన నీళ్లు పోవడానికి అక్కడ దారే లేదు. పక్కనున్న కాలువ మట్టితో పూడిపోయి గట్టుతో సమానంగా ఉంది. నీళ్లు నిలిచి, పాచిపట్టి, ఎండకు కుళ్లుతున్నాయి. మా కొట్లోకి వచ్చే వాసనలో సగం పైన దానిదే.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, ఆ అంశం వెనక్కి తీసుకుంటానని. మా అత్తగారు చూస్తున్న సీరియల్ ఆపేశారు.

"వాళ్లు నీకు ఓటేశారా?"

"వాళ్లు వేయలేదండీ. వాళ్ల దగ్గర కొనుక్కునేవాళ్లు వేశారు."

"మన వీధివాళ్లకి మాటిచ్చావు. వ్యాపారంలో మాట పోతే ఇంకేముంటుంది?"

అది నిజమే, అందుకే బాధేసింది. మా ఆయన "కాలువ బాగుచేయిస్తే వాసన తగ్గుతుందంటావా?" అని అడిగారు. తగ్గుతుందన్నాను. "అయితే ఆ మాటే పెద్దలకి నేను చెప్తాను" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నలుగురి మధ్యకు వెళ్లి మాట్లాడింది అప్పుడే. పెద్దలు ఒప్పుకోలేదు. కానీ ఆయన మీద గౌరవం కొద్దీ కేకలు వేయకుండా లేచి వెళ్లారు.

సమావేశంలో క్లర్కు నా అంశం చదివాడు. ముందు వరసలోంచి "ఆమోదం" వినపడింది. నేను లేచి నిలబడ్డాను.

"ఇది మార్చాలండి. బజారు అక్కడే ఉంచి, కాలువ తీయించి, కుళాయి వేయించాలండి."

చైర్‌పర్సన్ గారు కళ్లద్దాలు తీశారు. "అదేంటమ్మా, మీరే పెట్టి మీరే వద్దంటారా?"

హాలంతా నవ్వింది. మా పార్టీ నాయకుడు కూర్చోమని చేత్తో సైగ చేశాడు. కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు. అందుకని కొట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. వెనక సందుల వాళ్ల గురించి చెప్పాను, పూడిన కాలువ గురించి చెప్పాను. కావలసినవాళ్లు రేపు పొద్దున నాతో రండి, చూపిస్తానన్నాను. అప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఆయనది ఎదుటి పార్టీ, మెల్లగా అన్నారు: "వాయిదా వేయండి చైర్‌పర్సన్ గారూ. ఒకసారి చూసొద్దాం, పోయేదేముంది?"

వాయిదా పడింది. ఆ తర్వాతి నెలలో కూడా పడింది. ఆ మధ్యలో కమిషనర్ గారు స్వయంగా వచ్చి చూశారు. చివరికి తీర్మానం అయింది. బజారు అక్కడే ఉంటుంది, కాలువ తవ్వుతారు, సిమెంటు గచ్చు వేస్తారు, కుళాయి ఇస్తారు. అయితే మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అమ్మకం ముగించి, కడిగి వెళ్లిపోవాలి. ఆ షరతు మా వీధివాళ్ల కోసం నేనే ఒప్పుకున్నాను. పోయిన మాటలో సగమైనా నిలబెట్టుకున్నట్టు అనిపించింది.

గచ్చు పని పూర్తయ్యాక చూడ్డానికి వెళ్లాను. అందరూ పలకరించారు. మా గేటు దగ్గరికి వచ్చిన పెద్దావిడ మాత్రం ఒక మూల నిలబడి ఉంది.

"అందరికీ చేశారండి. నాకే కుదర్లేదు" అంది. కోపంగా కాదు, ఉన్నది చెప్పినట్టే చెప్పింది. వాళ్లబ్బాయి పడవ తిరిగొచ్చేది మధ్యాహ్నం దాటాకట. ఆవిడ అమ్మకమంతా సాయంత్రమేనట. ఆ రోజు మా ఇంటికి అందరినీ కూడగట్టి తెచ్చింది ఆవిడే. అయినా తన సంగతి వేరని అప్పుడు ఒక్కమాట అనలేదు. నేనూ అడగలేదు.

షరతు మార్పించాలని ప్రయత్నించాను. మా వీధి పెద్దలు ఈసారి గట్టిగానే అరిచారు, మా పార్టీ నాయకుడు ఇక వదిలేయమని చేతులు జోడించాడు. కుదరలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, కొట్లో ఉండగా పక్క వార్డు పెద్దాయన ఫోన్ చేశారు.

"ఏమ్మా, మీ చేపలావిడ మా వార్డులోకి వచ్చేసింది. వాటర్ ట్యాంకు గోడ పక్కన తట్ట పెట్టుకుంది. అప్పుడే ఇద్దరు కంప్లైంటు చేశారు."

"మా చేపలావిడేనండి" అన్నాను. "ఆవిడ గంపెడు చేపలు అమ్ముకుని వెళ్లిపోతుందండి. పొద్దుగూకితే ఉండదు."

"మీ ఓటరా?"

"కాదండి. ఎవరి ఓటరూ కాదు."

ఆయన నిట్టూర్చారు. "సర్లెండి. ఆ ఇద్దరితో నేను మాట్లాడతా. అక్కడ మాత్రం కడిగి వెళ్లమనండి."

నేను షట్టరు మా ఆయనకు అప్పగించి, ఆ మాట చెప్పడానికి ట్యాంకు దగ్గరికి నడిచాను.