మునగచెట్టుకు కట్టిన జొన్నకంకులు

నేను కర్దనూర్‌కు కోడలిగా వచ్చేనాటికి మా మామ ఇంకా సేద్యం చేస్తూనే ఉన్నాడు. వాగు పక్కన మడి మాత్రం అప్పటికే బీడు పడింది. ఫ్యాక్టరీలు వచ్చాక వాగు నీళ్ల రంగు మారిందని, ఆ నీళ్లు పెడితే నారు మాడిపోయిందని మా అత్త చెప్పింది. మిగిలింది ఊరికి పైన వానకు పండే చెలక. అందులో జొన్న వేసేవాడు. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా ఆయన మంచె మీదే ఉండేవాడు. వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరితే చెలక ఆ చివరన వాలిన చిలుకల గుంపు లేచిపోయేదట. ఆయన కేక వేస్తే పక్క చెలకల్లో పిట్టలు కూడా లేచేవని మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు.

కొన్నేళ్లకు మామ కళ్లకు పొర కమ్మింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ ఏటి జొన్న కోసి ఇంటికి తెచ్చినప్పుడు మాకే తెలిసింది. కంకుల్లో సగానికి పైగా ఒట్టి పొట్టే. పిట్టలు ఎటు వాలాయో కనబడక ఆయన ఒకవైపు రాళ్లు విసురుతుంటే అవి ఇంకోవైపు తిని పోయాయి. కావలికి మనిషిని పెడదామంటే వయసులో ఉన్నవాళ్లంతా పొద్దున్నే ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడుతున్నారు. మా ఆయన కూడా గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో పనికి చేరి చాలా కాలమైంది. ఇక విత్తనం వెయ్యనని మామ ఆ రోజే అన్నాడు. కాళ్లు కడుక్కుంటూ, మామూలు మాటలాగే అన్నాడు.

ఆ కంకులు దంచితే చాటెడు గింజలు కూడా రావు, బర్రెకు వెయ్యమంది అత్త. మామ వాటిలో కొన్నింటిని ఏరి, కట్టలు కట్టి, పెరట్లో మునగచెట్టు కొమ్మకు వేలాడదీశాడు. కింద మట్టి మూకుడులో నీళ్లు పెట్టాడు. శివరాత్రి వెళ్లి చలి పోయిన రోజులు. రోడ్డు వెంట మోదుగులు పూస్తున్నాయి, మా మునగచెట్టు నిండా తెల్లటి పూత. ముందుగా పిచ్చుకలు వచ్చాయి. అవి కంకికి తలకిందులుగా వేలాడి తింటుంటే రాలిన గింజల కోసం గువ్వలు దిగాయి. వారం తిరగకముందే చిలుకలకు కూడా కబురు అందింది.

"ఇన్నేండ్లు రాళ్లు రువ్విన చేతులతోటే ఇయ్యాల దావత్ ఇస్తున్నడు," అని అత్త నాతో అంది, ఆయనకు వినబడేలా.

మా ఇళ్లలో కోడలు మామ ఎదుట కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. ఆయనకు అన్నం పెట్టాలన్నా పళ్లెం అత్త చేతికే ఇచ్చేదాన్ని. ఏదైనా చెప్పాల్సి వస్తే ఆయన అత్తకు చెప్పేవాడు, అత్త నాకు చెప్పేది. ముగ్గురం ఒకే అరుగు మీద ఉన్నా అలాగే నడిచేది. అందులో కోపతాపాలేమీ లేవు. అది పద్ధతి, అంతే.

ఒక పొద్దున అత్త పాలు పోయడానికి వెళ్లింది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. మామ మంచం మీద కూర్చుని చెట్టు వైపు ముఖం పెట్టి ఉన్నాడు. కాసేపటికి, ఎవరితోనో తెలియకుండా, "గింజ పడ్డ సప్పుడు అయితున్నది. చిలుకలేనా?" అన్నాడు.

చుట్టూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు. కొంగు సరిచేసుకుని, "చిలుకలే," అన్నాను.

"ఎన్ని?"

"నాలుగు. ఒకదాని మెడకు ఎర్ర పట్టీ ఉన్నది."

"అది మొగది," అన్నాడు. ఆ రోజుకు అంతే.

మర్నాడు కూడా అడిగాడు. నాలుగైదు రోజులకు అది అలవాటైంది. ఆయన చెవితో పట్టుకునేవాడు, నేను కంటితో చూసి చెప్పేదాన్ని. అంతకు ముందు నాకు పిట్ట అంటే కాకి, పిచ్చుక, చిలుక, కోయిల, అంతే. చూడటం మొదలుపెట్టాకే అదే చెట్టు మీద ఎన్ని రకాలు తిరుగుతున్నాయో తెలిసింది. నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎరుపు ఉన్నది పికిలిపిట్ట. అది గింజ ముట్టదు. మిగిలిన అరటిపండు, ముగ్గిన జామకాయ పెడితే వస్తుంది. మునగపూల దగ్గర గాలిలో ఆగి ముక్కు పెట్టేది తేనెపిట్ట. మొగది ఎండలో నల్లగా, నీలంగా మెరుస్తుంది, ఆడది నాలాగే మామూలుగా ఉంటుంది. బూడిదరంగులో గుంపుగా వచ్చి నేల మీద ఎగురుతూ అరిచేవాటికి అత్త లొల్లిపిట్టలని పేరు పెట్టింది. వాటి అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో అందరికీ ఇది నచ్చలేదు. మా ఆయన రాత్రి డ్యూటీ చేసి తెల్లారాక కంపెనీ బస్సు దిగి వచ్చేవాడు. ఒంటికి మందు వాసన, కళ్లు ఎర్రగా. ఆయన పడుకునే గది కిటికీ మునగచెట్టు వైపే ఉంది. ఒకరోజు లేచి వచ్చి, "రాత్రంతా నిలబడి వచ్చిన నాయినా. జెరంత సేపు కన్ను మూయనియ్యవా?" అన్నాడు. మామ ఆ పొద్దే కంకులు విప్పి, పెరటి చివర గోడ పక్కనున్న సీతాఫలం చెట్టుకు కట్టాడు. పిట్టలు వెంటనే అక్కడికి వెళ్లలేదు. రెండు రోజులు మునగచెట్టు మీదే కూర్చుని అరిచాయి. మా ఆయనకు ఆ రెండు రోజులూ నిద్ర లేదు. మూడో రోజు తనే కంకులు తెచ్చి పాత చోట కట్టి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాడు.

తర్వాత ఆయనకే ఏమనిపించిందో, ఫ్యాక్టరీ నుంచి నీలంరంగు డ్రమ్ము మూత ఒకటి తెచ్చాడు. వెడల్పుగా ఉంది, మూకుడు కన్నా నీళ్లు ఎక్కువ పడతాయి. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాడు. మామ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వాసన పోలేదన్నాడు.

"సబ్బుతోటి కడిగిన గద నాయినా."

"అందుల పోసిన నీళ్లు నువ్వు తాగుతవా?"

మా ఆయన మూతను తీసుకెళ్లి పెంటకుప్ప వెనక పారేశాడు. వారం రోజుల తర్వాత సంగారెడ్డి సంత నుంచి ఇంకో పెద్ద మట్టి మూకుడు తెచ్చి, ఎవరికీ చెప్పకుండా చెట్టు కింద పెట్టాడు.

ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. చెట్టు నిండా పిట్టలు, చెవులు పగిలే గోల. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. తలెత్తి చూస్తే పిట్టలన్నీ ఉన్నచోటే బిగుసుకుని ఉన్నాయి. మామ మంచం మీద లేచి కూర్చుని, "డేగ వచ్చింది. గోడ మీద సూడు," అన్నాడు. చూశాను. నాకు ఏమీ కనబడలేదు. లేదని చెప్పబోతుంటే గోడ అవతల వేపచెట్టులోంచి బూడిదరంగు పిట్ట ఒకటి బాణంలా వచ్చి ఒక పిచ్చుకను కాళ్లతో పట్టుకుని పోయింది. నా చేతిలో చాట జారి బియ్యం చెల్లాచెదరయ్యాయి. ఆయన ఏం జరిగిందని అడిగాడు. పిచ్చుకను తీసుకుపోయిందని చెప్పాను.

"దానికీ పిల్లలుంటయి బిడ్డా," అన్నాడు.

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. పిచ్చుక కోసం వచ్చిన ఏడుపు ఇంకో కారణంతో ఎక్కువైంది. ఆయనకు కనబడదు కదా అని కళ్లు తుడుచుకోకుండానే బియ్యం ఎత్తుకున్నాను. అవే బియ్యం కోసం అప్పటికే గువ్వలు దిగుతున్నాయి.

ఇంకొక రోజు ధైర్యం చేసి నేనే అడిగాను, అన్నేళ్లు తరిమినవాటికి ఇప్పుడెందుకు పెడుతున్నావని. ఆయన ఆలోచించాల్సిన అవసరం లేనట్టే చెప్పాడు. "పంట ఉన్నప్పుడు అవి దొంగలు. ఇప్పుడు నా దగ్గర ఏం ఉన్నదని దొంగలైతయి?"

కంకులు అయిపోయాయి. మా పుట్టిల్లు సంగారెడ్డి దాటాక ఉంటుంది, అక్కడ ఇంకా జొన్న పండేది. ఉగాదికి వెళ్లి వస్తూ పెద్ద కట్ట ఒకటి తెచ్చాను. బస్సులో కండక్టర్ మేకలకా అని అడిగాడు. పిట్టలకు అని చెబితే నమ్మలేదు. పక్కన కూర్చున్న ఆడమనిషి మాత్రం కట్టను ఒళ్లోకి తీసుకుని పట్నం రోడ్డులో నేను దిగేదాకా పట్టుకుంది.

ఆ వసంతంలోనే కొత్త పిట్ట వచ్చింది. అత్త కోసి పెట్టిన బొప్పాయి తొక్కల మీద వాలింది. ఒళ్లంతా పసుపు, రెక్కలు నలుపు, కంటికి కాటుక దిద్దినట్టు గీత. నేను ఎంత చెప్పినా మామ గుర్తుపట్టలేదు. అది ఈల వేసినట్టు కూసింది, అది విన్నా తెలియదన్నాడు. పొద్దంతా ఆలోచించి సాయంత్రం చెప్పాడు. "అది గింజ తినే పిట్ట గాదు. నా చెలకకు రాలె. రానిదాన్ని నేనెందుకు సూస్త?" ఆయనకు తెలిసిన పిట్టలన్నీ ఆయన పంట తిన్నవేనని నాకు అప్పుడు అర్థమైంది.

సంగారెడ్డిలో మామ కళ్లు చూపిస్తే డాక్టరు, పొర ఇంకా ముదరలేదని, వచ్చే ఏడు రమ్మని చెప్పి పంపారు. ఏడాది తర్వాత ఒక కన్నుకు ఆపరేషన్ అయింది. దుమ్ము పడకూడదు, వంగకూడదు, తలకు నీళ్లు పోసుకోకూడదని చెప్పారు. అన్నిటికీ ఒప్పుకున్నాడు, పెరట్లో కూర్చోవద్దంటే మాత్రం ఒప్పుకోలేదు. నల్ల అద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చునేవాడు. అద్దాలు తీసిన పొద్దున చెట్టును చూశాడు, పిచ్చుకలను చూశాడు, తర్వాత నా వైపు తిరిగి, నేను సన్నబడ్డానని అత్తతో చెప్పాడు.

ఇక నేను చెప్పాల్సిన పని లేదనుకున్నాను. లోపల కొంచెం వెలితిగానే అనిపించింది. కానీ మర్నాడు పొద్దున కూడా, "ఏమేం వచ్చినయి బిడ్డా?" అని అడిగాడు. చూస్తూనే అడిగాడు. నేను చెప్పాను.

పసుపు పిట్ట ఆ ఏడు ఆలస్యంగా వచ్చింది. వేప పూత రాలిపోతున్నప్పుడు ఒక మధ్యాహ్నం బొప్పాయి మీద వాలితే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూపించాను. ఆయన చేయి అడ్డుపెట్టుకుని చూసి, "ఇంతేనా? నువ్వు చెప్పంగ నేను కోడంత ఉంటదనుకున్న," అన్నాడు. అత్త పడీపడీ నవ్వింది.

రెండు వేల సంవత్సరం దాటాక ఊరు మారిపోయింది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి పనికి వచ్చినవాళ్లు కిరాయి గదుల కోసం ఇల్లిల్లూ అడిగేవారు. మా ఆయన పెరట్లో గదులు కట్టిస్తానన్నాడు. మామ అడ్డు చెప్పలేదు, మునగచెట్టుకు ఎలాగూ పురుగు పట్టిందన్నాడు. చెట్టు కొట్టేసి గదులు కట్టాక కంకులు స్లాబు మీదికి, ఇనుప చువ్వకు వెళ్లాయి. మెట్లు ఎక్కడం కష్టమయ్యాక ఆయన కింద కూర్చుని, పైకి వెళ్లి వచ్చిన నన్ను అడిగేవాడు. గదుల్లో ఉన్న పిల్లలు అన్నం తిన్నాక పళ్లెం కడిగిన మెతుకులు గోడ మీద పెట్టడం ఆయనను చూసే నేర్చుకున్నారు. వాళ్లతో ఆయన తనకు వచ్చిన ఉర్దూలో పిట్టల సంగతులే మాట్లాడేవాడు.

ఒక ఎండాకాలం, జ్వరం వచ్చి, ఎక్కువ రోజులు మంచాన పడకుండానే పోయాడు.

మా వైపు మనిషి పోయిన మూడో నాడు పిట్టకు పెడతారు. ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాల్చిన చోట ఉంచి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లకు తృప్తి అయినట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. ఆ రోజు కాకి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. ఎండ ఎక్కుతోంది. మా చిన్నమామ, అంటే మామ తమ్ముడు, అన్న మనసులో ఏదో పెట్టుకుని పోయాడన్నాడు. మా ఆయన చేతులు జోడించి అమ్మను మంచిగా చూసుకుంటానని మెల్లగా చెప్పాడు. కాకి కదలలేదు. ఇంకెవరో చెలక అమ్మనని చెప్పమన్నారు. అదీ చెప్పాడు.

ఇంతలో రెండు గోరింకలు నడుచుకుంటూ వచ్చాయి. విస్తరి ఎక్కి, గారె ముక్క ఒకటి లాగి తినడం మొదలుపెట్టాయి. చిన్నమామ వాటిని అదిలించబోయాడు. కాకి ముట్టాలి, గోరింక ముడితే లెక్కలోకి రాదన్నాడు. కొందరు అవునన్నారు, కొందరు ఏమో అన్నారు.

అత్త అప్పటిదాకా రాతి మీద కూర్చుని ఉంది. లేచి చిన్నమామ చెయ్యి పట్టుకుని ఆపింది. "పిట్టకు పెడుతున్నం అన్నరు. అది పిట్టనే. ఆయనకు అన్నీ ఒక్కటే ఉండె. ఇగ నడువుండ్రి, అందరు ఆకలితోటి ఉన్నరు."

చెంబులు తీసుకుని నడిచాం. వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నేను చూశాను. కాకి దిగింది. గోరింకలు రెండూ రెక్కలు విప్పి అరుస్తూ దాన్ని విస్తరి దగ్గరికి రానివ్వడం లేదు.