గవ్వలు, చింతపిక్కలు, ఒక మైనస్ గుర్తు

మా చిన్నప్పుడు... కంచరపాలెం స్కూల్లో తొమ్మిదో తరగతి. సైన్సు మాస్టారు బోర్డు మీద మూడు లోహపు గోళాలు గీసి, వాటి మీద ప్లస్ ఐదు, మైనస్ ఎనిమిది, ప్లస్ రెండు అని విద్యుదావేశాలు రాసి, "మొత్తం మీద నికర ఆవేశం ఎంతర్రా?" అని అడిగారు.

గుర్తులు చూడకుండా మూడూ కలిపేసి "పదిహేను సార్!" అని అరిచాను. క్లాసంతా గొల్లుమంది.

నా పక్కన కూర్చునే రూతు సంచిలోంచి పాత తగరపు డబ్బా తీసి, బెంచీ మీద ఏడు గవ్వలు, ఎనిమిది చింతపిక్కలు పోసింది. గవ్వంటే ప్లస్సు, పిక్కంటే మైనస్సు అట. గవ్వకో పిక్క జోడీ కట్టి పక్కకి తోసేస్తే ఒక్క పిక్క మిగిలింది. "మైనస్ ఒకటి సార్" అంది.

మాస్టారు ఆ డబ్బా పైకెత్తి అందరికీ చూపించారు. అదిగో... ఆ రోజు మొదలైంది నా కడుపుమంట.

నాకేం తక్కువ చెప్పండి? గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపే నాన్న... కొత్త కంపాసు బాక్సు... సాయంత్రం ట్యూషను. దానికేమో గుప్పెడు గవ్వలు! పైగా ఇంట్లో మా అమ్మ, "ఆ రూతుని చూసి నేర్చుకోవే" అనేది. ఆ మాట వింటే నాకు అన్నం సహించేది కాదు.

అప్పుడే మాస్టారు చెప్పారు... శనివారం పరీక్షలో ఫస్టు వచ్చిన ఒక్కరినే సైన్సు ఫెయిర్‌కి తీసుకెళ్తానని. నాకు వెళ్ళాలని ఉంది. అంతకంటే గట్టిగా, రూతు వెళ్ళకూడదని ఉంది.

ఆ వారమే రూతుకి జ్వరమొచ్చి మూడు రోజులు రాలేదు. గురువారం వాళ్ళమ్మ మా గుమ్మం దగ్గరికొచ్చి, "నోట్సు ఓ పాలి ఇత్తావా అమ్మా, రాసుకుని రేపిచ్చెత్తాది" అంది.

లోపలికెళ్ళి పుస్తకం తీశాను. కొత్త లెక్క... ప్లస్ ఐదు, మైనస్ ఎనిమిది, మైనస్ మూడు. ఆ చివరి మైనస్ మీద పెన్నుతో నిలువుగా ఒక్క గీత గీశాను. ప్లస్ అయిపోయింది. నవ్వుతూ తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

శుక్రవారం పీక్కుపోయిన మొహంతో రూతు వచ్చింది.

"ఇదిగోనే నీ నోట్సు. ఒక కాడ మైనస్‌కి బదులు ప్లస్ ఏసీసినావు. గవ్వలూ పిక్కలూ పేర్సి సూత్తే సున్నా వచ్చీసింది. కిందేమో నువ్వు జవాబు మైనస్ ఆరని రాసినావు. అప్పుడు తెలిసింది నాకు."

జవాబు! దాన్ని మార్చాలన్న సంగతే నాకు తట్టలేదు.

"తొందర్లో రాసీసుంటావులే. మాస్టారు సూస్తే తిడతారని నానే బ్లేడుతో గీకీసి మైనస్ సేసీసాను" అంది.

"అవునా... చూసుకోలేదే" అన్నాను.

పరీక్షలో రూతే ఫస్టు. నేను రెండు. డబ్బా చంకలో పెట్టుకుని అది మాస్టారి వెనకాల సైన్సు ఫెయిర్‌కి వెళ్తుంటే, గేటు దగ్గర నిలబడి ఏడ్చాను... చేసిన తప్పుకి అనుకునేరు, కాదు. అచ్చంగా కుళ్ళుతోనే.

ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళు నోట్సు ఫోటో తీసి గ్రూపులో పెట్టేస్తున్నారు. ఒకరి పుస్తకం ఇంకొకరి ఇంటికి వెళ్ళి రావడం లేదు... బ్లేడు పెట్టి గీకే పనీ లేదు.

ఆ నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఆ మైనస్ దగ్గర కాగితం పల్చబడి, వెనకున్న నా వేలు కనిపిస్తుంది. రూతు మార్కుల మీద కుళ్ళు ఎప్పుడో పోయింది. కానీ నన్ను అనుమానించాలని కూడా తోచలేదు చూడండి దానికి... ఆ మనసు మీద మాత్రం ఇప్పటికీ కుళ్ళే.

మీరూ ఎవరి మీదైనా ఇలా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారా? ఉంటే కింద రాయండి, సిగ్గేం లేదు... ముందు నేనే రాశానుగా.

రూతూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆ ప్లస్ తొందర్లో రాసింది కాదే.