ఎరువుల కొట్టు మీద సీ ప్లస్ ప్లస్

తొంభైల చివర్లో అమలాపురంలో సందుకో కంప్యూటర్ సెంటరు వెలిసింది. నేను పాఠాలు చెప్పింది ఎరువుల కొట్టు పైన మేడలో. ఓనరు గారికి కంప్యూటరంటే ఏసీ గది, గుమ్మం బయట విప్పిన చెప్పులు, అంతే. ఒకరోజు పైకొచ్చి, "జనం సీ ప్లస్ ప్లస్ అడుగుతున్నారండి, సోమవారం నుంచి మొదలెట్టేయండి" అన్నారు. ప్రోగ్రాంలు రాసే భాషల్లో నాకొచ్చింది దాని ముందుతరం సీ ఒక్కటే. "ఆయ్, అలాగేనండి" అన్నాను. సిగ్గూ శరం ఉన్నవాడైతే రాదని చెప్పేవాడు.

నేను వెలగబెట్టిందేమిటంటే, పాత సీ నోట్సు తీసి జవాబుని తెర మీద చూపించే ప్రింటెఫ్ అన్న మాట ఉన్నచోటల్లా సీఔట్ అని దిద్దేను. పైన ఒక లైను మార్చేను. అయిపోయింది సీ ప్లస్ ప్లస్! అసలు సీకి ఆ ప్లస్సులు తగిలించిందే ఆబ్జెక్టుల కోసం. సమాచారాన్నీ, దాంతో చేసే పనుల్నీ ఒక్క మూటగా కట్టి, బయటివాళ్లు చెయ్యి పెట్టకుండా చూసుకోవడం. పుస్తకంలో ఆ పేజీలు నేను తెరిచిన పాపాన పోలేదు. మిషన్లు నాలుగే కాబట్టి పిల్లలు ప్రోగ్రాం నడపకుండానే రికార్డులో జవాబు రాసేసి, చుట్టూ స్కేలుతో కంప్యూటర్ తెరలా డబ్బా గీసేవారు. నేను ఎర్ర ఇంకుతో టిక్కులు కొట్టేవాణ్ణి. మహా గొప్ప చదువు.

అల్లవరం నుంచి బస్సులో వచ్చే ఓ నర్సుగారమ్మాయికి హైదరాబాదులో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ బ్యాచీ మొత్తానికి వచ్చిన పిలుపు అదొక్కటే. వెళ్లే ముందు వారం క్లాసులో లేచి, "మాస్టారూ, పుస్తకంలో ఆబ్జెక్టులని ఉందండి. మనం ఒక్కటీ రాయలేదు కదండీ, అక్కడ అడిగితేనో?" అంది.

నాకు ఒళ్లు మండింది. "పేజీలు నింపడానికి ఏవో రాస్తారమ్మా. పెద్ద కనిపెట్టేవు గానీ కూచో" అన్నాను. అందరూ నవ్వేరు. "ఆయ్" అని కూచుంది.

తిరిగొచ్చేక నేనే అడిగేను, ఏమైందని. ఆబ్జెక్టులతో ప్రోగ్రాం రాయమన్నారట. తనకొచ్చింది రాసిచ్చిందట. ఇంటర్వ్యూ చేసినాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది ఉత్త సీ కదమ్మా, ఎవరు చెప్పేరు నీకు?" అన్నాడట.

"మరి నువ్వేమన్నావు?"

"నేనే సొంతంగా చదువుకున్నానండి అన్నాను మాస్టారూ."

ఉద్యోగం రాలేదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదని రాసుకుంటే బావుంటుంది గానీ, అబద్ధం. సుబ్బరంగా తిన్నాను.

ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి ఇంట్లో కూచుని ఆ పుస్తకమంతా చదివేసింది. ఓనరు గారు ఆమెకే సీ ప్లస్ ప్లస్ అప్పగించి, నన్ను టైపింగుకి దింపేరు. మొదటిరోజు గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఎంత వెలగబెడుతుందో చూద్దామనే. నన్ను చూసి పాఠం ఆపి, ముందు వరసలోకి కుర్చీ జరిపి, "రండి మాస్టారూ, కూచోండి" అంది. మాటలో వెటకారం వెతికేను, లేదు.

కూచున్నాను. బోర్డు మీద ఆబ్జెక్టు ఒకటి రాసి, మొదట్నుంచీ విడమరిచి చెప్పింది. నాకు పూర్తిగా అర్థమైంది. పావుగంట పట్టింది.